దేవుడు క్షమిస్తాడు సరే, అక్క వాటా మాటేమిటి?

ప్రశ్న:

అయ్యగారికి వందనాలు. మాది గుంటూరు ప్రాంతం. తాతల నాటి నుంచి లూథరన్ సంఘంలో ఉన్నాం. నాకు ఒక్కతే అక్క. అమ్మ ముందే పోయింది. నాన్న 2014లో వీలునామా రాయకుండానే కన్నుమూశారు. ఆయన స్వార్జితం రెండెకరాల పొలం ఉండేది. నాన్న చేసిన అప్పుల కింద అది పోయేలా ఉందనీ, నా ఒక్కడి పేరున ఉంటే బ్యాంకు వాళ్లతో మాట్లాడుకోవడం తేలికనీ అక్కకు చెప్పి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించుకున్నాను. నిజానికి అప్పు 4 లక్షలే. ఆ పక్కగా రోడ్డు వస్తుందని నాకు అప్పటికే తెలుసు. 2017లో పొలాన్ని 52 లక్షలకు అమ్మాను. అక్కకు చెప్పలేదు. ఆ డబ్బు మేడ మీద వాటాకూ అమ్మాయి చదువుకూ అయింది. ఏటా క్రిస్మస్‌కు అక్కకు పట్టుచీర పెడతాను. పోయిన ఏడాది అక్క తన సంఘంలో సాక్ష్యం చెబుతూ, ఇలాంటి తమ్ముణ్ణి ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం అంది. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఎన్నోసార్లు మోకరించి ఏడ్చాను. పాత పాపమొకటి బాధిస్తోందని మా పాస్టరు గారికి చెబితే, యేసు రక్తం అన్నిటినీ కడిగేసింది, ఇంకా నిందించేది సాతానే అన్నారు. నా భార్య కతోలిక కుటుంబంలో పుట్టింది. ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేస్తే, అంటే పాపాలు నోరు విప్పి ఒప్పుకుంటే, మనసు కుదుటపడుతుందంటుంది. ఎవరి మాట నిజం? దేవుడు నన్ను క్షమించాడా? రొట్టె, ద్రాక్షారసాల సంస్కారం తీసుకోవడం మానేయాలా? అక్కకు చెప్పక తప్పదా?

— ఒక సోదరుడు

సమాధానం:

సోదరా, మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. అక్కకు చెప్పక తప్పదు. ఆమె వాటా ఆమెకు ఇవ్వకా తప్పదు. ఇంత కటువుగా మొదలుపెట్టినందుకు నొచ్చుకోకండి. మీ ఉత్తరం చదివిన ఎవరికైనా ఈ సంగతి మీకు ముందే తెలుసని అర్థమవుతుంది. తెలిసినదాన్ని ఇంకొకరు గట్టిగా చెబితే తప్ప కాలు కదలని సమయాలుంటాయి. అందుకే చెబుతున్నాను.

మీ పాస్టరు గారి మాట అబద్ధం కాదు. కానీ మీరు ఆయనకు రోగం సగమే చెప్పారు, ఆయన మందు మొత్తం ఇచ్చేశారు. పొలం ఊసు, దస్తావేజు ఊసు ఆయన చెవిన పడలేదు. ‘పాత పాపం’ అన్నారు. ఆయన ఎత్తిన వాక్యం యోహాను మొదటి పత్రిక ఒకటో అధ్యాయం ఏడో వచనంలోది. దాని రెండో సగాన్నే మనవాళ్లు గోడల మీదా క్యాలెండర్ల మీదా రాసుకుంటారు. మొదటి సగం తెరిచి చూడండి. దేవుడు వెలుగులో ఉన్నట్టే మనమూ వెలుగులో నడిస్తే మనకు ఒకరితో ఒకరికి సహవాసం ఉంటుంది, అప్పుడు ఆయన కుమారుడైన యేసు రక్తం ప్రతి పాపం నుంచీ మనల్ని పవిత్రుల్ని చేస్తుంది అని ఉంటుంది. వెలుగు, సహవాసం, ఆ తర్వాత రక్తం. మీకూ మీ అక్కకూ మధ్య ఇప్పుడున్నది సహవాసమేనా? ఆమెకు అలాగే కనిపిస్తోంది. మీకు మాత్రం అది కాదని తెలుసు. సంఘం ముందు ఆమె మిమ్మల్ని పొగిడిన రోజే నిద్ర పట్టకుండా పోవడానికి కారణం అదే.

నిద్ర పట్టనివ్వని ఆ బాధను సాతాను పని అనడానికి నాకు మనసొప్పదు. మీ సంఘానికి మూలపురుషుడైన లూథర్ యువకుడిగా జర్మనీలోని ఎర్‌ఫుర్ట్ మఠంలో ఉన్నప్పుడు తన గురువు స్టౌపిట్జ్ ఎదుట గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు. ఏ చిన్న తలంపు మరిచిపోయానో అని బయటికి వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లేవాడు. అలాంటి మనస్సాక్షికి ‘ఇక చాలు, క్రీస్తు చేసినదాన్ని నమ్ము’ అని చెప్పడమే ప్రాణం పోయడం. సువార్త ఆయనకు అలాగే అందింది, ఆయన ద్వారా మనకూ అందింది. ఆయనకు లేని తప్పులు పెద్దవిగా కనబడేవి. మీ విషయంలో తప్పు కాగితం మీద ఉంది, రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు నంబరుతో సహా ఉంది. మీ మనస్సాక్షి నిజమే చెబుతోంది. దాని నోరు మూయించమని మీకు సలహా ఇవ్వలేను.

దేవుడు క్షమించాడా అని అడిగారు. మిమ్మల్ని ఒకటి అడగనివ్వండి. మోకరించి ఏడ్చినప్పుడు మీ నోట ఏ మాటలు వచ్చాయి? ‘ప్రభువా, నేను పాపిని, కరుణించు’ అని ఉంటారు. ఆదివారం ఆరాధనలో అందరం కలిసి చేసే ఒప్పుకోలు అలాంటిదే, అది మంచిదే. యేసు చెప్పిన ఉపమానంలో పన్నులు వసూలు చేసే సుంకరి కూడా దేవాలయంలో అంతకు మించి ఏమీ అనలేదు, నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లాడు. కానీ ‘ప్రభువా, మా అక్కతో అబద్ధమాడి ఆమెకు రావలసిన సొమ్ము తీసుకున్నాను, అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది’ అని ఒక్కసారైనా అన్నారా? ఆ చివరి ముక్క అనడం కష్టం. అన్న తర్వాత లేచి ఏం చేయాలో తెలిసిపోతుంది కాబట్టి. క్షమించడానికి దేవుడు వెనకాడుతున్నాడని నేను అనుకోను. తప్పిపోయిన కుమారుడు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తాడు. కాని ఆ కుమారుడు పందుల దొడ్డి దగ్గరి నుంచి లేచాడు.

కీర్తన 51లో దావీదు ‘నీకు కేవలము నీకే విరోధముగా’ పాపం చేశానన్నాడు కదా, పాపం దేవునికీ మనకూ మధ్య విషయమే కదా అని చాలామంది అంటారు. ఈ మాటను ఇలా వాడుకోవడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. దావీదు రాజు పాపం చేసింది తన సైనికుడు ఊరియా విషయంలో. ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి నిలదీసేటప్పటికి ఊరియా లేడు. తిరిగి ఇవ్వడానికి మనిషే మిగలలేదు. మీ అక్క బతికే ఉంది. ఆమె ఇల్లు మీకు తెలుసు.

మనుషుల మధ్య జరిగిన మోసం గురించి బైబిలు ఎంత సూటిగా మాట్లాడుతుందో లేవీయకాండము ఆరో అధ్యాయం మొదటి ఏడు వచనాలు చదివితే తెలుస్తుంది. పొరుగువాడు అప్పగించిన సొమ్ము విషయంలో బొంకినవాడు, బలాత్కారంగా తీసుకున్నవాడు ఆ సొమ్ము మొత్తం ఇవ్వాలి, దాని మీద అయిదో వంతు కలపాలి, అదీ సొత్తుదారుకే ఇవ్వాలి. అపరాధ పరిహారార్థ బలి తెచ్చే రోజునే ఇవ్వాలి. బలి గురించిన మాట ఆ తర్వాత వస్తుంది. యాజకుడు ప్రాయశ్చిత్తం చేస్తాడు, దేవుడు క్షమిస్తాడు. యాజకుడికి పొట్టేలు ఇచ్చేసి పొరుగువాడి సొమ్ము అట్టే పెట్టుకునే వీలు అక్కడ లేదు.

జక్కయ్య ఈ ధర్మశాస్త్రం ఎరిగిన యూదుడే. యెరికోలో సుంకరుల పెద్ద. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు ఇస్తానన్నాడు. అతని కథలో నేను ఎప్పుడూ ఆగి చూసేది క్రమాన్ని. యేసు ముందే అతని ఇంటికి వచ్చేశాడు. బాకీలు తీర్చి రా, అప్పుడు వస్తాననలేదు. చెట్టు మీద ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలిచి, ఈ రోజు నీ ఇంట్లో ఉంటానన్నాడు. డబ్బు మాట జక్కయ్యే ఎత్తాడు. కాబట్టి మీరు అక్కకు ఇచ్చే సొమ్ము దేవుని క్షమాపణకు కట్టే వెల కాదు. క్షమాపణను వెల కట్టి అమ్ముతున్నారనే 1517లో లూథర్ గొంతెత్తాడు, మీరు ఆ సంఘం బిడ్డ. ఇచ్చే సొమ్ము అక్కది. అది ఆమెకు చేరాలి, అంతే.

ఇక మీ భార్య మాట. పాపసంకీర్తనం గురించి మన ప్రొటెస్టెంటు ఇళ్లల్లో తేలిగ్గా మాట్లాడేస్తారు. వారమంతా పాపం చేసి శనివారం చెప్పేస్తే సరి అంటారు. కతోలిక బోధ అలా లేదు. పశ్చాత్తాపం, నోటితో ఒప్పుకోవడం, పరిహారం, ఈ మూడూ పాపి చేయవలసినవి. ఆ తర్వాత గురువు, అంటే ఫాదర్ గారి నోట పాపవిమోచనం. పాపవిమోచనం పాపాన్ని తీసేస్తుంది గాని ఆ పాపం చేసిన నష్టాన్ని పూడ్చదనీ, దొంగిలించినది తిరిగి ఇవ్వాలనీ వారి బోధ గ్రంథమైన సత్యోపదేశంలో స్పష్టంగా రాసి ఉంది. మీ కథ మొత్తం విన్న గురువు ఎవరైనా ‘మీ అక్కకు ఎప్పుడు ఇస్తారు?’ అనే అడుగుతారు. ఏడాదికి ఒకసారైనా పాపసంకీర్తనం చేయాలన్న నియమం 1215 నాటి నాలుగో లాటెరన్ మహాసభ పెట్టింది. విన్నది బయటపెట్టే గురువుకు కఠిన శిక్ష విధించిందీ ఆ సభే. ఈనాటికీ ఆ రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే శ్రీసభ నుంచి వెలి అవుతాడు. అంత భద్రంగా కాపాడుకున్న సంప్రదాయం అది. దాన్ని గౌరవించండి. అయితే మీరు కతోలికులు కారు గనుక, ప్రాణాపాయం వంటి సందర్భాల్లో తప్ప ఆ పాపసంకీర్తన సంస్కారాన్ని మీకు ఇవ్వడానికి వారి చట్టం సాధారణంగా ఒప్పుకోదు. ఫాదర్ గారితో కూర్చుని మాట్లాడవచ్చు, ప్రార్థన చేయించుకోవచ్చు. మీ భార్య మీ మేలు కోరే చెప్పింది. ఆమె దగ్గర ఇది దాచలేదు కదా, అందుకు సంతోషం.

మీకు తెలియకపోవచ్చు, మీ సొంత ఇంట్లోనే ఈ వరం ఉంది. లూథరన్ల మూల పత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం పదకొండో అధికరణంలో, సంఘాల్లో వ్యక్తిగత పాపవిమోచనం కొనసాగాలని రాశారు. పాపాలన్నిటినీ లెక్కపెట్టి చెప్పనక్కర్లేదన్నారు, అంతే. లూథర్ చిన్న ప్రశ్నోత్తర గ్రంథంలోనూ దీనికి ఒక భాగం ఉంది. ఒప్పుకోలులో రెండు పనులు ఉన్నాయంటాడు: పాపాన్ని ఒప్పుకోవడం ఒకటి, సేవకుని నోట వచ్చే క్షమాపణ మాటను దేవుని నోటి నుంచి వచ్చినట్టే అనుమానం లేకుండా స్వీకరించడం రెండోది. తెలుగు సంఘాల్లో ఇది దాదాపు కనుమరుగైంది. ఎందుకు పోనిచ్చామో నాకు అర్థం కాదు. పాపం ఒంటరిగా ఉన్నవాడి మీద సవారీ చేస్తుంది, ఇంకొకరి చెవిన పడగానే దాని పట్టు సడలుతుంది. జర్మనీలో డీట్రిష్ బోన్‌హోఫర్ కూడా 1930ల్లో ఫింకెన్‌వాల్డెలోని తన సెమినరీ విద్యార్థులను సంస్కారానికి ముందు ఒకరితో ఒకరు ఒప్పుకోమని ప్రోత్సహించాడు, ఆయనా లూథరనే. మీరు మళ్లీ మీ పాస్టరు గారి దగ్గరికి వెళ్లండి. ఈసారి పొలం, సంతకం, అంకెలు అన్నీ చెప్పండి. చెప్పాక, దేవుని పేరట క్షమాపణ మాటను నా పేరు పెట్టి పలకండి అని అడగండి. విన్నది తనలోనే ఉంచుకోమని ముందే మాట తీసుకోండి. ఆయన మీద ఆ నమ్మకం లేకపోతే వేరే సంఘంలోని పెద్ద సేవకుణ్ణి చూసుకోండి.

ఇప్పుడు అక్క దగ్గరికి వెళ్లే మాట. చేసిన ప్రతి తప్పునూ ఎదుటివారికి చెప్పాలని నేను అనను. మనసులో ఒకరి మీద అసూయ పెట్టుకున్నవాడు వెళ్లి వాళ్లకది చెబితే తన బరువు దించుకుని వాళ్ల నెత్తిన పెట్టినట్టే అవుతుంది. అలాంటివి దేవుని దగ్గరే తీరాలి. మీది అలాంటిది కాదు. మీరు దాచినది ఆమెకు చెందిన నిజం, ఆమెకు చెందిన ఆస్తి. ఏమీ చెప్పకుండా పెద్ద మొత్తం ఆమె ఖాతాలో వేసేద్దామని కూడా మీకు అనిపించవచ్చు. దొంగ తన పేరు చెప్పకుండా సొమ్ము తిరిగి చేర్చినా చెల్లుతుందని కతోలిక నీతిశాస్త్రం ఒప్పుకుంటుంది. కాని మీ ఇంట్లో అది కుదరదు. ఆమె దాన్ని తమ్ముడి ఔదార్యం అనుకుంటుంది, వచ్చే ఏడు ఇంకో సాక్ష్యం చెబుతుంది. మొదటి అబద్ధం మీద రెండోది పేర్చినట్టవుతుంది. పట్టుచీరలు ఇప్పటికే ఆ పని చేస్తున్నాయి.

లెక్క వేద్దాం. 52 లక్షల్లో నిజమైన అప్పు 4 లక్షలు తీసేస్తే 48. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం ప్రకారం, తల్లి లేనప్పుడు వీలునామా రాయని తండ్రి ఆస్తి కొడుకుకూ కూతురికీ సమానం. కాగితాల మీద మీ కుటుంబం హిందువులుగా నమోదై ఉన్నా ఇంతే. అంటే అక్కకు 24 లక్షలు. లేవీయకాండము చెప్పిన అయిదో వంతు 4 లక్షల 80 వేలు. మొత్తం 28 లక్షల 80 వేలు. ఈ ధర్మశాస్త్రపు లెక్క మన మీద చట్టంగా లేదు నిజమే, కానీ ఇన్నేళ్లు ఆ డబ్బు మీ మేడగా నిలిచింది, ఆమెకు అక్కరకు రాలేదు. అంతకంటే తక్కువతో వెళ్లవద్దని నా సలహా. ఎక్కువ అడిగే హక్కు ఆమెకు ఉంది. ‘పెళ్లికి కట్నం ఇచ్చాం కదా’ అన్న మాట మాత్రం మీ నోట రానివ్వకండి. ఆడపిల్ల వాటా మింగిన ప్రతి ఇంటిలోనూ వినబడే మాట అది, క్రైస్తవుల ఇళ్లల్లో వినబడితే మరింత సిగ్గు.

అంత సొమ్ము ఇప్పుడు మీ చేతిలో లేకపోవచ్చు. ఉన్నంత ముందు ఇచ్చి, మిగిలినదానికి తేదీలతో ప్రోనోటు రాసి ఇవ్వవచ్చు, లేదా మేడ మీద వాటాను ఆమె పేరున రాసే మార్గం చూడవచ్చు. వెళ్లే ముందు ఒక వకీలును కలవండి. మోసంతో పెట్టించిన సంతకం విషయంలో దావా వేయడానికి గడువు ఆ మోసం బయటపడిన నాటి నుంచి లెక్కించాలని కాలపరిమితి చట్టం చెబుతుంది. అంటే మీరు నోరు విప్పితే మీ బావగారు కోర్టుకు వెళ్లే దారి తెరుచుకోవచ్చు. ఈ సంగతి దాచి మిమ్మల్ని పంపడం న్యాయం కాదు గనుక చెబుతున్నాను. అది తెలిసీ వెళ్లాలి. వకీలును కలిసేది ఇవ్వడానికి సరైన పద్ధతి తెలుసుకోవడానికే, తప్పించుకునే సందు కోసం కాదని ఆయనకు మొదటే చెప్పండి.

ఆమెతో మాట్లాడేటప్పుడు మీతో పాస్టరునూ పెద్దలనూ తీసుకుపోకండి. నలుగురు చుట్టూ కూర్చుంటే ఆమె కోపం కోపంలా బయటికి రాలేదు. బావగారు ఉండాలా వద్దా అన్నది అక్కే చెప్పనివ్వండి. జరిగింది వరసగా, సాకులు లేకుండా చెప్పండి: అప్పు ఎంత, రోడ్డు సంగతి తెలుసా లేదా, ఎంతకు అమ్మారు, ఏం చేశారు. అమ్మాయి చదువు కోసమని మధ్యలో చొప్పించకండి. అక్కకూ పిల్లలు ఉండి ఉంటారు. ఏడుపు వస్తే రానివ్వండి గాని, ఆమె మిమ్మల్ని ఓదార్చే స్థితి తేవద్దు.

మరొకటి. ‘దేవుడు నన్ను క్షమించాడు, నువ్వూ క్షమించు’ అని అనకండి. ఎన్నిసార్లయినా క్షమించమని చెప్పే ‘డెబ్బది ఏళ్ల మారులు’ అన్న వాక్యం ఆమె ముందు ఎత్తకండి. ఆ వాక్యం ఆమెకు చెప్పవలసింది ప్రభువే, అదీ ఆయన సమయంలో. క్షమాపణ అడగండి, జవాబు కోసం కూర్చోకండి. ఆమె అప్పుడే దగ్గరికి తీసుకోవచ్చు, ఏడాది మాట్లాడకపోవచ్చు. మాట్లాడకపోయినా సొమ్ము మాత్రం చెప్పిన తేదీకి అందాలి.

ఇదంతా చేశాక కూడా ఆ నింద అప్పుడప్పుడు తిరిగి రావచ్చు. అప్పుడు మీ పాస్టరు గారు చెప్పిన మాట పూర్తిగా మీది. రక్తం కడిగింది. మళ్లీ మళ్లీ తవ్వుకోవద్దు.

సంస్కారం సంగతి మిగిలింది. ఆ బల్ల పాపుల కోసమే. ‘మీ కొరకు’ అన్న మాటను నమ్మినవాడే యోగ్యుడని లూథర్ నేర్పాడు, కాబట్టి మానేయమని చెప్పను. అయితే అర్పణ తెచ్చినవాడికి, సహోదరునికి తన మీద విరోధమేదో ఉందని గుర్తొస్తే బలిపీఠం ఎదుటే అర్పణ విడిచి, వెళ్లి సమాధానపడి, తర్వాత వచ్చి అర్పించమని మత్తయి అయిదో అధ్యాయంలో ప్రభువు చెప్పాడు. అక్కకు ఇంకా తెలియదు కాబట్టి నా మీద ఆమెకు విరోధమేమీ లేదని మీరు సర్దిచెప్పుకోగలరు. చెప్పుకోకండి. మీ సంఘంలో వచ్చే సంస్కార ఆదివారం ఎప్పుడో చూసుకోండి. ఈ వారం వకీలును, పాస్టరు గారిని కలవండి. ఆ ఆదివారానికి ముందు ఒక రోజు, అక్క తీరికగా ఉండే పూట ఫోను చేసి వస్తున్నానని చెప్పి, అమ్మకం దస్తావేజు నకలూ, బ్యాంకు కాగితాలూ, మొదటి చెక్కూ తీసుకుని వెళ్లండి. తిరిగి వచ్చాక, ఆమె ఏమన్నా సరే, ఆ బల్ల దగ్గర మోకరించండి.